ముందు ఊర్లో సిగ్నల్ చూసుకోండి, ఫోన్ సంగతి తర్వాత

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో తాడ్వాయి వైపు, అడవిని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ హాస్టల్లో ఉంటున్నా. నెలకు రెండుసార్లు ఇంటికి పోతా. నా ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది, స్టోరేజ్ ఎప్పుడు చూసినా నిండిపోయే ఉంటోంది. హన్మకొండలో నెట్ బాగానే వస్తుంది గానీ ఊర్లో మా ఇంట్లోకి అడుగు పెడితే సిగ్నల్ పోతుంది. డ్యూటీ మారిందని ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే కలవట్లేదట, ఆ టెన్షన్‌తోనే ఇంటి దగ్గర రెండు రోజులు గడుస్తున్నాయి. కొత్త 5జీ ఫోన్ కొంటే ఈ బాధ పోతుందా? 15 వేల దాకా పెట్టగలను. తమ్ముడేమో గేమింగ్ ఫోన్ తీసుకొమ్మంటున్నాడు. షాపులో ఈఎంఐ మీద 25 వేల ఫోన్ చూపిస్తున్నారు. నంబర్ వేరే కంపెనీకి పోర్ట్ పెట్టాలా? మా నాన్న పత్తి రైతు, కీప్యాడ్ ఫోన్ వాడతాడు. నా పాత ఫోన్ ఆయనకు ఇవ్వొచ్చా?
— పాఠకురాలు, ములుగు జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, మీరు అడిగింది ఫోన్ గురించే అయినా మీ ఉత్తరంలో సగం బాధ నెట్‌వర్క్‌ది. కొత్త ఫోన్‌తో ఛార్జింగ్ కష్టం తీరుతుంది, స్టోరేజ్ కష్టం తీరుతుంది. ఇంట్లో సిగ్నల్ మాత్రం దానంతట అది రాదు. టవర్ నుంచి అందనిది ఫోన్‌లోకి ఎక్కడినుంచి వస్తుంది? 15 వేల ఫోన్ అయినా 50 వేల ఫోన్ అయినా ఆ ఇంట్లో ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అందుకని షాపు మెట్లెక్కే ముందు మీ ఊర్లో ఏ కంపెనీ అందుతుందో తేల్చుకోండి. ఏ ఫోన్ కొనాలన్నది కూడా కొంత దాన్ని బట్టే ఉంటుంది.

హన్మకొండ చౌరస్తా, నయీంనగర్ లాంటి చోట్ల టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ ఏ సిమ్ వేసినా పని నడుస్తుంది. అదే 163వ నంబర్ జాతీయ రహదారి మీద ములుగు, పస్రా దాటి తాడ్వాయి వైపు పోతుంటే టవర్ల మధ్య దూరం పెరుగుతుంది. రోడ్డు మీద బాగా వచ్చే సిగ్నల్, రోడ్డు దిగి లోపలికి పోతే ఉండదు. చెట్లు అడ్డం, వానాకాలం తడిసిన ఆకులైతే ఇంకా అడ్డం. ఇంటి మీద స్లాబు గానీ ఇనుప రేకులు గానీ ఉంటే మిగిలింది కూడా ఆగిపోతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ మీద వచ్చే సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది, గోడల్లోంచి కూడా కొంత లోపలికి దూరుతుంది. 1800, 2300 మీద వచ్చేది వేగం ఇస్తుంది గానీ అంత దూరం పోలేదు. 5జీలో ఎక్కువ వేగం ఇచ్చే 3500 చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీ అంతకంటే త్వరగా ఆగిపోతుంది. పట్నంలో అందరూ మెచ్చుకునే కంపెనీ మీ ఇంట్లో పలకకపోవడానికి కారణం ఇదే. ఇంకొక మాట. మేడారం జాతరప్పుడు ఫలానా సిమ్ మస్తు పనిచేసిందని ఎవరైనా చెప్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. జాతర జనం కోసం కంపెనీలు తాత్కాలిక టవర్లు నిలబెడతాయి. ఆ ఏర్పాటు జాతర వరకే.

ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక సాయంత్రం ఈ పనికే పెట్టుకోండి. పక్కింటివాళ్లు, దోస్తులు ఎవరు ఏ సిమ్ వాడుతున్నారో కనుక్కుని, ఒక్కో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ పావుగంట చొప్పున అడిగి తీసుకోండి. వాకిట్లో నిలబడి చూస్తే లాభం లేదు. రాత్రి మీరు ఫోన్ ఎక్కడ పెట్టి పడుకుంటారో అక్కడే పెట్టి చూడాలి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' అని ఉంటుంది, అందులో 'సిమ్ స్టేటస్' తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ పక్కన మైనస్ గుర్తుతో ఒక అంకె, దాని పక్కన డీబీఎం అని కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో దారి కొంచెం వేరుగా ఉంటుంది, సెట్టింగ్స్‌లో సిమ్ అని వెతికితే దొరుకుతుంది. 4జీలో ఆ అంకె మైనస్ 90 లోపు ఉంటే సిగ్నల్ బాగున్నట్టు. మైనస్ 105 దగ్గర పని గడుస్తుంది. మైనస్ 115 దాటితే మాట తెగుతూ ఉంటుంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు లెక్క. స్క్రీన్ పైన కనిపించే గీతల మీద ఆధారపడకండి, ఒక్కో ఫోన్ కంపెనీ వాటిని ఒక్కో లెక్కన చూపిస్తుంది.

అంకె చూశాక రోజూ చేసే పనులు చేసి చూడండి. హన్మకొండలో ఉన్న మీ తోటి నర్సుకు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. ఒక ఫొటో వాట్సాప్‌లో పంపించి, ఎంతసేపటికి పోయిందో గమనించండి. ఇదంతా రాత్రి ఎనిమిది తర్వాత చేయడం మంచిది. అందరూ ఇళ్లకు చేరి వీడియోలు పెట్టుకునే సమయమది. పగలు ఉరికిన నెట్ అప్పుడు కదలదు. పొద్దున ఇంకోసారి చూడండి. దాంతోపాటు గాలివానకు కరెంటు పోయిన రోజున ఏ టవర్ ఎంతసేపు నడుస్తుందో ఊరోళ్లను అడగండి. కొన్ని టవర్లకు జనరేటర్ ఉంటుంది, కొన్ని బ్యాటరీ మీద కొద్ది గంటలే నిలుస్తాయి. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు, అక్కడ బతికేవాళ్లకే తెలుస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పిన మీదట కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాయి, వాటినీ చూడండి. అయితే మ్యాపులో మీ ఊరి మీద రంగు ఉన్నంత మాత్రాన మీ ఇంటి నడిమి గదిలో మాట వినిపిస్తుందని కాదు.

జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్, ఈ నాలుగింటిలో ఏది గొప్పదని మీకు చెప్పే పని నేను పెట్టుకోను. మీ మంచం దగ్గర ఏది పలికితే అదే మీకు మంచిది. కానీ ఒక్కటి గట్టిగా చెప్తాను, బీఎస్ఎన్ఎల్‌ను చూడకుండానే పక్కన పెట్టకండి. 4జీ అందని ఊళ్లకు దాన్ని చేర్చే పనిని కేంద్రం 2022 జూలైలో బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. 2025 సెప్టెంబరులో దాని స్వదేశీ 4జీని దేశమంతటికీ ప్రారంభించారు. అడవి ఊళ్లలో అదొక్కటే అందే చోట్లు ఉంటాయి. దాని 4జీకి 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28, ముఖ్యం. మీ పరీక్షలో బీఎస్ఎన్ఎల్ నెగ్గితే, కొనబోయే ఫోన్‌కు 4జీ బ్యాండ్ 28 ఉందో లేదో ఆ ఫోన్ కంపెనీ వెబ్‌సైట్లో చూసి మరీ కొనండి. షాపులో అడిగితే చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇక పోర్ట్ సంగతి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీకు పోర్ట్ అవసరం కనబడట్లేదు. హన్మకొండలో ఇప్పుడున్న సిమ్ బాగానే ఉంది. బ్యాంకు, ఆధార్, ఆసుపత్రి, అన్నింటికీ ఆ నంబరే ఇచ్చి ఉంటారు. దాన్ని కదపకుండా, ఊర్లో అందే కంపెనీ సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో వేసుకోండి. ఆసుపత్రి డ్యూటీలు చూసేవారికి ఆ రెండో నంబర్ కూడా ఇచ్చిపెట్టండి. మీరు చెప్పిన టెన్షన్ తీరడానికి ఇదే దగ్గరి తోవ.

రెండు చోట్లా ఒకే కంపెనీ బాగుందని తేలితే అప్పుడు పోర్ట్ గురించి ఆలోచించవచ్చు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, మీ నంబర్ రాసి 1900కు మెసేజ్ పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర దాని గడువు నాలుగు రోజులు. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. పాత సిమ్ పోయి ఈమధ్యే డూప్లికేట్ తీసుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. మామూలుగా మూడు పనిదినాల్లో నంబర్ మారుతుంది, మారే రోజు కొన్ని గంటలు ఫోన్ మూగబోతుంది. పాత ప్యాక్‌లో మిగిలిన రోజులు కూడా పోతాయి, కాబట్టి ప్యాక్ చివరి వారంలో పెట్టుకుంటే నష్టం తక్కువ. కొత్త సిమ్ వేశాక ఫోన్‌పే, గూగుల్ పే మళ్లీ రిజిస్టర్ చేయమని అడగొచ్చు, ఆ ఒకటి రెండు రోజులకు చేతిలో పైసలు పెట్టుకోండి.

రెండు సిమ్‌లంటే రెండు రీఛార్జీలు, నిజమే. 28 రోజుల ప్యాక్ నెల ప్యాక్ లాగే కనబడుతుంది గానీ ఏడాదికి 13 సార్లు వేయించాలి. ధరను రోజుల సంఖ్యతో భాగించి, రోజుకు ఎంత పడుతుందో చూసి పోల్చండి. ట్రాయ్ నిబంధన వల్ల 2025 జనవరి నుంచి డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు వచ్చాయి, ఎక్కువ రోజుల గడువుతో దొరుకుతాయి. యాప్ తెరవగానే ముందు కనిపించవు, కొంచెం కిందికి వెతకాలి. ఊరి సిమ్‌కు అలాంటిది చాలు. ఊర్లో వాట్సాప్ కూడా కావాలనుకుంటే తక్కువ డేటా ఉన్న ప్యాక్ వేసుకోండి. 5జీ అన్‌లిమిటెడ్ అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవండి. 2024 జూలైలో రేట్లు పెరిగినప్పుడు జియో, ఎయిర్‌టెల్ దాన్ని చాలావరకు రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్యాక్‌లకే పరిమితం చేశాయి.

ఇప్పుడు ఫోన్. మీ పనికి 15 వేల చుట్టుపక్కల ఫోన్ సరిపోతుంది. నాలుగైదేళ్లు వాడతారు కాబట్టి 5జీదే తీసుకోండి, కానీ 5జీ ఉంది కదా అని ఎక్కువ ధర పెట్టకండి. ఊరికి పోయినప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్‌ను 4జీకి మార్చుకుంటే, లేని 5జీ కోసం ఫోన్ వెతుక్కుంటూ బ్యాటరీ తినడం ఆగుతుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఫోన్‌ను హ్యాకర్ల నుంచి కాపాడే సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని. దీన్ని షాపులో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ 2024లో వచ్చినప్పుడు ఆ కంపెనీ ఆరేళ్లు ఇస్తామంది. ఇంచుమించు అదే ధరలో అందులో సగం కూడా ఇవ్వని ఫోన్లున్నాయి. జీతం పడేది, డబ్బు పంపేది ఫోన్‌లోనే కాబట్టి నేనైతే కెమెరా కంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. రెండోది స్టోరేజ్. 128 జీబీకి తగ్గకండి. రెండు సిమ్‌లు వాడమన్నాను కదా, చాలా ఫోన్లలో రెండో సిమ్ వేస్తే మెమరీ కార్డుకు చోటుండదు. సిమ్ ట్రే బయటికి తీయించి చూడండి. ర్యామ్ 6 జీబీ ఉంటే మీకు చాలు. '12 జీబీ ర్యామ్' అన్నచోట చిన్న అక్షరాల్లో 6 ప్లస్ 6 అని ఉంటే, ఆ రెండో ఆరు స్టోరేజ్ నుంచి అరువు తెచ్చిందే. బ్యాటరీ 5000 ఎంఏహెచ్‌కు తగ్గకూడదు. కొన్ని కంపెనీలు డబ్బాలో ఛార్జర్ ఇవ్వవు, ఆ ఖర్చు కూడా 15 వేలల్లోనే లెక్క వేసుకోండి.

షాపుకు పోయేటప్పుడు పర్సులో ఒక ఖాళీ మందుల స్ట్రిప్ పెట్టుకుపోండి. దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ఫొటో తీసి, పెద్దది చేసి చదవండి. షాపులో లైట్లు జిగేల్‌మంటుంటాయి కాబట్టి, కౌంటర్ కింద నీడలో పెట్టి ఇంకో ఫొటో తీయండి. రాత్రి డ్యూటీలో రిపోర్టు ఫొటో తీసి డాక్టర్ గారికి పంపాల్సి వస్తే మీకు పనికొచ్చేది ఆ రెండో ఫొటో. వెనక మూడు కెమెరాలు కనిపించినా ఈ ధరలో నిజంగా పనిచేసేది చాలావరకు ఒక్కటే. తర్వాత ఫోన్ పట్టుకుని ఎండలోకి వచ్చి స్క్రీన్ చదవగలుగుతున్నారా చూడండి. ఒక చేత్తో పట్టుకుని బొటనవేలుతో అవతలి అంచు అందుతుందో లేదో చూడండి, డ్యూటీలో ఇంకో చెయ్యి ఖాళీగా ఉండదు కదా. మీ రెండు సిమ్‌లు వేసి రెండింటి నుంచీ కాల్ చేయండి. వైఫై కాలింగ్ ఉందా అని కూడా చూసుకోండి. స్కానింగ్ గదులు, సెల్లార్లు లాంటి సిగ్నల్ రాని చోట ఆసుపత్రి వైఫై దొరికితే దానిమీదే మామూలు కాల్స్ మాట్లాడుకోవచ్చు. చివరికి స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), డబ్బా మీద ఉన్నది, బిల్లు మీద రాసింది, మూడూ ఒకటే కావాలి. బిల్లు లేకుండా మాత్రం ఎంత తగ్గించినా తీసుకోవద్దు. రేపు ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించడానికి ఆ నంబర్, ఆ కాగితం కావాలి.

తమ్ముడు చెప్పే గేమింగ్ ఫోన్‌లో ధర ఎక్కువగా పోయేది ప్రాసెసర్‌కు. మీరు వాడే యాప్‌లకు అంత బలం అక్కర్లేదు. ఈఎంఐ ఫోన్ అయితే వద్దమ్మా. నో కాస్ట్ అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు, నగదు ఇస్తే వచ్చే తగ్గింపు పోవడం, ఇన్సూరెన్స్ పేరుతో కలిపేది, ఇవన్నీ కూడితే ఖరీదు పెరుగుతుంది. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు ఫోన్‌లో లాక్ యాప్ వేసిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు ఒక నెల కిస్తీ తప్పితే ఫోనే పనిచేయకపోవచ్చు. నైట్ డ్యూటీలో ఉండే మనిషికి అది మంచిది కాదు. 15 వేలు చేతిలో ఉన్నప్పుడు 25 వేల అప్పులోకి దిగాల్సినంత తేడా ఆ రెండు ఫోన్ల మధ్య మీ వాడకంలో కనబడదు.

నాన్నగారి విషయం జాగ్రత్తగా చేయాలి. ఆయన కీప్యాడ్ ఫోన్ తీసేయకండి. అది పాత 2జీ ఫోన్ అయితే జియో సిమ్ అందులో పనిచేయదు, జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు. కాబట్టి ఆయన సిమ్ మార్చే ముందు అది చూసుకోండి. ఆయన నంబర్ రీఛార్జి లేక ఆగిపోకుండా కూడా చూడండి. చాలాకాలం వదిలేస్తే ఆ నంబర్ వేరేవాళ్లకు పోతుంది. 2025 నుంచి సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సి వస్తోంది, దానికి ఓటీపీ రైతు ఇచ్చిన నంబర్‌కే వస్తుంది. పత్తి ఇంటికొచ్చాక నంబర్ పనిచేయట్లేదని తెలిస్తే చాలా ఇబ్బంది పడతారు.

మీ పాత ఫోన్‌కు సర్వీస్ సెంటర్లో కొత్త బ్యాటరీ వేయించి ఇవ్వండి, వీడియో కాల్‌కు, స్లాట్ బుకింగ్‌కు పనికొస్తుంది. ఇచ్చే ముందు మీ బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే, గూగుల్ పే తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. నాలుగేళ్లు దాటిన ఫోన్ కాబట్టి అప్‌డేట్లు ఆగిపోయి ఉండొచ్చు, ఆయన బ్యాంకు లావాదేవీలు అందులో పెట్టకండి. ఊర్లో అందే కంపెనీ సిమ్ ఒకటి, తక్కువ డేటాతో, దాంట్లో వేయండి. బ్యాంకుకు ఇచ్చిన నంబర్ మాత్రం కీప్యాడ్ ఫోన్‌లోనే ఉండనివ్వండి. ఓటీపీ అక్కడికి వస్తుంది, అది చూసి ఇక్కడ కొట్టుకోవచ్చు. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవి) పంపి రైతుల ఖాతాలు ఊడ్చేస్తున్నారు. ఆ ఫైల్ నొక్కితే ఫోన్‌లోకి వచ్చే బ్యాంకు మెసేజ్‌లన్నీ దొంగల చేతికి పోతాయి. పొరపాటున ఆయన నొక్కినా, బ్యాంకు మెసేజ్‌లు ఇంకో ఫోన్‌కు వస్తుంటే వాళ్లకు అందవు. అయినా సరే, ఏపీకే అని ఉన్నదేదీ తెరవొద్దని మీ ఎదురుగా రెండు మూడుసార్లు చెప్పించండి, డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే కొట్టాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబర్‌ను కీప్యాడ్ ఫోన్‌లో సేవ్ చేసి ఎలా కొట్టాలో చూపించండి.